పిస్టన్లు కొనే ముందు

నా పికప్ ట్రక్కు 1974 మోడల్. ఖాళీగా తిరిగినంతసేపు దాని మీద ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. వెనక ట్రైలర్ తగిలించి, నిండా కట్టెలు వేసి, కొండ రోడ్డు ఎక్కించినప్పుడే అసలు సంగతి బయటపడేది. కింద 55 మైళ్ల వేగంతో మొదలుపెడితే సగం ఎత్తుకు 40, పైకి చేరేసరికి 32. యాక్సిలరేటర్ నేలకు ఆనించి తొక్కి పట్టుకునేవాణ్ని, అద్దంలో నా వెనక కార్ల వరుస కనిపిస్తూ ఉండేది. 5.9 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ అంత పెద్దదై ఉండి కూడా బండి లాగేది కాదు.

ఎవరినడిగినా ఒకటే మాట. "దాని కంప్రెషన్ 8కి 1. ఆ కాలం ఇంజిన్లలో దమ్ము ఉండదు. పిస్టన్లు మార్చు, లేదా ఇంజినే మార్చు." 8కి 1 అంటే సిలిండర్‌లోని గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పిస్టన్ ఎనిమిదో వంతుకు నొక్కుతుందని అర్థం. ఆ మాట నేనూ నమ్మాను. ఎత్తు తల ఉన్న పిస్టన్ల సెట్టు ఒకటి కొని గ్యారేజీ అటక మీద పెట్టాను. నాలుగేళ్లు గడిచాయి. ఆ పెట్టె సీలు విప్పలేదు. ఇప్పుడు అదే ట్రక్కు, అదే ట్రైలర్, అదే బరువుతో కొండ పైకి 47 మైళ్ల వేగంతో చేరుతుంది. సిలిండర్ల పైమూతలు, అంటే హెడ్లు కూడా ఒక్కసారి విప్పలేదు.

అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. 70ల నాటి ట్రక్కు ఇంజిన్లు నీరసంగా ఉండటానికి కంప్రెషన్ ఒక కారణం, అదీ చిన్న కారణం. తప్పంతా దాని మీద వేసేసి, అసలైన కారణాలను ముట్టుకోకుండా వదిలేస్తున్నాం.

ఆ ఇంజిన్లు అలా ఎందుకు తయారయ్యాయో ముందు చూడాలి. 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిజ్లీ బృందం పెట్రోల్‌లో సీసం కలిపితే నాకింగ్ (గట్టిగా నొక్కినప్పుడు మిశ్రమం తనంతట తానే పేలడం) ఆగిపోతుందని కనిపెట్టింది. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు కంప్రెషన్ పెరుగుతూనే పోయింది. 60ల చివరికి అమెరికాలో 10, 11 ఉన్న వీ8లు మామూలు విషయం. 1970లో స్వచ్ఛ వాయు చట్టం కఠినమైంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు సీసం విషం లాంటిది, కాబట్టి సీసం లేని పెట్రోల్ తప్పనిసరిగా రావాలి, దాని ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, తక్కువగా ఉంటుంది. ఇది ముందే ఊహించి, ఎడ్ కోల్ అధ్యక్షుడిగా ఉన్న జనరల్ మోటార్స్ 1971 మోడళ్లలో దాదాపు అన్ని ఇంజిన్ల కంప్రెషన్‌నూ తగ్గించింది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. నా ట్రక్కు ఏ కంపెనీదో ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఆ ఏళ్లలో అందరిదీ ఒకటే కథ.

1972లో ఇంకోటి జరిగింది, దీన్ని చాలామంది మర్చిపోతారు. అప్పటిదాకా హార్స్‌పవర్‌ను ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ ఏవీ లేకుండా బల్ల మీద పెట్టిన ఇంజిన్‌తో కొలిచేవారు. 1972 నుంచి అవన్నీ బిగించి కొలవడం మొదలైంది. దాంతో బ్రోషర్లలో అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ పతనంలో పెద్ద వాటా కాగితం మీదిదే. పాత బ్రోషర్, కొత్త బ్రోషర్ పక్కపక్కన పెట్టుకుని "చూడు, కంప్రెషన్ తగ్గేసరికి ఇంజిన్ సగమైపోయింది" అనేవాళ్లు రెండు వేరు వేరు కొలతలను పోలుస్తున్నారు.

సరే, కంప్రెషన్ వల్ల నిజంగా ఎంత పోయింది? లెక్క కష్టమేం కాదు. పెట్రోల్ ఇంజిన్ సామర్థ్యాన్ని లెక్కకట్టే పాఠ్యపుస్తకంలోని ఒట్టో సైకిల్ (Otto cycle) సూత్రం ప్రకారం 8కి 1 దగ్గర ఆదర్శ సామర్థ్యం 56.5 శాతం, 9.5కి 1 దగ్గర 59.4 శాతం. నిజమైన ఇంజిన్ ఆ శాతాలకు చాలా దూరంలోనే ఉండిపోతుంది, కానీ రెండింటి మధ్య నిష్పత్తి దాదాపు అలాగే ఉంటుంది. అంటే లాభం నూటికి 5 వంతులు. 150 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ 158 దాకా వస్తుంది. ఆ 8 హార్స్‌పవర్ కోసం ఇంజిన్ దించాలి, మొత్తం విప్పాలి, పిస్టన్లు మార్చాలి, చాలాసార్లు బోరు కూడా (సిలిండర్లను చెక్కి వెడల్పు చేయడం) చేయించాలి. కొండ మీద 32 మైళ్లకు పడిపోయిన బండిని ఆ 8 గట్టెక్కించవు.

ఇక్కడ ఇంకో గందరగోళం ఉంది. "కంప్రెషన్ తక్కువ" అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి డిజైన్‌లోనే నిష్పత్తి తక్కువగా పెట్టడం. రెండోది రింగులో వాల్వులో అరిగిపోయి ఒత్తిడి బయటికి కారిపోవడం. మొదటిదాన్ని భరించి బతకొచ్చు. రెండోది ఉంటే కింద నేను చెప్పేవేవీ పనిచేయవు. కాబట్టి ముందు కంప్రెషన్ గేజీ పెట్టి చూడండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచాలి, ఇగ్నిషన్ వైరు పీకేయాలి, ఒక్కో సిలిండర్‌కు స్టార్టర్ ఐదారు చుట్లు తిప్పాలి. అన్నిటికంటే తక్కువ వచ్చిన సిలిండర్, ఎక్కువ వచ్చిన దానిలో 75 శాతమైనా ఉండాలి. ఏదైనా బాగా తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు లేదా హెడ్ గ్యాస్కెట్. నా ఇంజిన్‌లో ఎనిమిదీ చదరపు అంగుళానికి 136, 144 పౌండ్ల మధ్య వచ్చాయి. 8కి 1 ఇంజిన్‌కు అది ఆరోగ్యమైన అంకె.

అంటే ఇంజిన్ బాగుంది. మరి శక్తి ఎక్కడ పోతోంది?

సగం జవాబు టైమింగ్‌లో, అంటే ప్లగ్గు నిప్పు వేసే సమయంలో దొరికింది. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా అన్నిటికంటే ఎక్కువ తిరిగి ఇచ్చేది ఇదే. ప్లగ్గు నిప్పురవ్వ వేయగానే పెట్రోల్ ఒక్కసారిగా పేలిపోదు. మంట పాకడానికి సమయం పడుతుంది. పిస్టన్ పైకంటా చేరి, కిందికి దిగడం మొదలుపెట్టి, పిస్టన్లు తిప్పే ఇరుసు (క్రాంకు) ఓ 15 డిగ్రీలు తిరిగిన దగ్గర ఒత్తిడి శిఖరానికి చేరితే ఆ తోపు పూర్తిగా దానికి అందుతుంది. అందుకే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే నిప్పు వేయాలి. తక్కువ కంప్రెషన్ ఇంజిన్‌లో మిశ్రమం అంత గట్టిగా నొక్కుకోదు, వెడల్పాటి ఓపెన్ ఛాంబర్‌లో సుడులు కూడా తక్కువ. మంట నెమ్మదిగా పాకుతుంది. కాబట్టి ఈ ఇంజిన్‌కు నిప్పు ఇంకా ముందే కావాలి.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేశాయి. నిప్పు ఆలస్యం చేస్తే మంట ఎగ్జాస్ట్ దాకా సాగుతుంది, అక్కడి వేడికి మిగిలిన హైడ్రోకార్బన్లు కాలిపోతాయి, సిలిండర్‌లో శిఖర ఉష్ణోగ్రత తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా తగ్గుతాయి. కొన్ని బళ్లలో కింది గేర్లలో వాక్యూమ్ అడ్వాన్స్‌ను (ఇన్‌టేక్‌లోని వాక్యూమ్‌తో నిప్పును ముందుకు జరిపే ఏర్పాటు) పూర్తిగా ఆపేసే స్విచ్చులు కూడా పెట్టారు. పొగ పరీక్ష పాసయ్యేది, లాగుడు పోయేది. దానికి తోడు యాభై ఏళ్ల వయసు. ప్లగ్గులకు వరసగా నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, పాయింట్ల (నిప్పు పుట్టించే స్విచ్చు) కింద క్యామ్‌కు రాసుకునే చిన్న దిమ్మ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ తనంతట తానే ఇంకాస్త వెనక్కి పోతుంది.

నా ట్రక్కు మీద టైమింగ్ లైటు పెట్టి చూస్తే ఐడ్లింగ్‌లో నిప్పు 2 డిగ్రీలే ముందు పడుతోంది. ఇంజిన్‌ను నిమిషానికి 3000 చుట్లకు లేపి చూస్తే మొత్తం 20 దాటలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే ముక్కను (రోటర్‌ను) చేత్తో తిప్పి వదిలాను. స్ప్రింగు లాగి వెనక్కి రావాలి, రాలేదు. లోపల, వేగం పెరిగేకొద్దీ నిప్పును ముందుకు జరిపే అడ్వాన్స్ బరువులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. విప్పి, కడిగి, సన్నటి గ్రీజు రాసి, కొంచెం పలచని స్ప్రింగులు వేశాను. ఐడ్లింగ్‌లో 12, 2800 చుట్ల దగ్గర మొత్తం 36, తేలికగా నడిచేటప్పుడు వాక్యూమ్ అడ్వాన్స్ దాని మీద ఇంకో 12. శనివారం మధ్యాహ్నం ఒక్కపూట పని. ఆదివారం అదే కొండ, అదే బరువు. పైన 38.

ఒక జాగ్రత్త తప్పనిసరి. లైటు చూపించేది క్రాంకు ముందున్న బ్యాలన్సర్ మీది గీతను. ఆ బ్యాలన్సర్ బయటి రింగు రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు పాతబడి రింగు జారితే గీత అబద్ధం చెప్తుంది. మొదటి సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ ఆగే బోల్టు బిగించి, చేత్తో రెండు వైపులా తిప్పి, రెండు గుర్తుల మధ్య బిందువే నిజమైన సున్నా అని తేల్చుకోండి. తర్వాత బరువుతో ఎత్తు ఎక్కిస్తూ చెవి పెట్టి వినండి. డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడు వస్తే వెంటనే కాలు తీసి, 2 డిగ్రీలు తగ్గించండి. ఆ చప్పుడును పట్టించుకోకపోతే పిస్టన్లు పగులుతాయి.

మాటల్లో మాట, కొందరు ఇలాంటి ఇంజిన్లలో ప్రీమియం పెట్రోల్ పోస్తారు బలం వస్తుందని. రాదు. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, అందులో అదనపు శక్తేమీ ఉండదు. 8కి 1 ఇంజిన్‌కు 87 చాలు. అది ఆ ఇంజిన్‌కున్న గొప్ప సుగుణం కూడా. ఎండలో బరువు లాగుతూ మామూలు పెట్రోల్‌తో నాకింగ్ లేకుండా నడవడం చిన్న విషయం కాదు.

గాలి సంగతి త్వరగా చెప్తాను. క్యాబిన్‌లో ఒకరిని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని, మీరు కార్బురేటర్ లోపలికి చూడండి. థ్రాటిల్ రేకు నిటారుగా నిలబడాలి. నా బండిలో కడ్డీల కీళ్లు అరిగి ముప్పాతిక వంతే తెరుచుకునేది. నేను నేలకు ఆనించి తొక్కినా ఇంజిన్‌కు అది ముప్పాతికే. రెండోది, ఒక వైపు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కింద ఉండే హీట్ వాల్వు. చలిలో ఇంజిన్ త్వరగా వేడెక్కడానికి పెట్టిన రేకు అది. తుప్పు పట్టి మూసుకున్న చోటే బిగుసుకుపోతే నాలుగు సిలిండర్ల పొగకు దారి ఇరుకైపోతుంది. నాది సగం మూసుకుని ఉంది. నూనె పోసి, సుత్తితో మెల్లగా కొట్టి వదిలించాను. పెద్ద కార్బురేటర్ కావాలా వద్దా అని వాదించే ముందు ఇన్‌టేక్‌కు వాక్యూమ్ గేజీ తగిలించి పూర్తి థ్రాటిల్‌లో నడపండి. సూది సున్నా దగ్గర ఉంటే ఉన్నది చాలు. నాది 3 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ చూపింది, కాబట్టి రెండు నోళ్ల కార్బురేటర్ తీసి నాలుగు నోళ్లది వేశాను. అదీ చిన్నదే. 5.9 లీటర్ల ఇంజిన్ 4000 చుట్ల దగ్గర నిమిషానికి 420 ఘనపుటడుగులకు మించి మింగలేదు, 600 రకం ధారాళంగా సరిపోతుంది. 750 వేస్తే కింది వేగంలో గాలి నీరసించి పెట్రోల్ సరిగ్గా కలవదు.

ఇప్పుడు వాల్వులను తెరిచి మూసే ఇరుసు, క్యామ్‌షాఫ్ట్. ఇది చెప్పడం నాకు బాధగా ఉంటుంది, కానీ దీని కోసమే ఈ వ్యాసం మొదలుపెట్టాను. పైవన్నీ చేశాక ఉత్సాహం పెరిగి, ఒక వర్క్‌షాపు వాళ్ల సలహాతో వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద క్యామ్ వేయించాను. ఐడ్లింగ్‌లో గుడగుడమని మంచి చప్పుడు వచ్చింది. ట్రైలర్ తగిలించి కొండెక్కితే మళ్లీ 33. చేసిన మేలంతా ఒక్క మార్పుతో పోయింది. గేజీ పెట్టి చూస్తే సిలిండర్లలో 140 పౌండ్లు కాస్తా 120 అయ్యాయి.

కారణం తర్వాత అర్థమైంది. 8కి 1 అనేది పిస్టన్ కింది నుంచి పై దాకా చేసే మొత్తం ప్రయాణాన్ని లెక్కేస్తుంది. కానీ పిస్టన్ కింద మలుపు తిరిగి పైకి వస్తున్నా ఇన్‌టేక్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. అది మూసుకున్నాకే నొక్కడం మొదలవుతుంది. మలుపు తర్వాత 60 డిగ్రీలకు మూసుకుంటే స్ట్రోకులో 80 శాతం మిగులుతుంది, నిజమైన నిష్పత్తి 6.6. పెద్ద క్యామ్ 75 డిగ్రీల దాకా తెరిచి ఉంచితే మిగిలేది 70 శాతం, నిష్పత్తి 5.9. పీల్చిన గాలిలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఎక్కువ వేగంలో గాలికి ఊపు ఉంటుంది కాబట్టి ఆ నష్టం పూడుతుంది, కానీ బరువు లాగే ట్రక్కు బతుకంతా 1500 నుంచి 3000 చుట్ల మధ్యే. ఆ క్యామ్‌తో పాత 6.6 తిరిగి రావాలంటే ఇంజిన్ 9కి 1 అయి ఉండాలి. పెద్ద క్యామ్‌లన్నీ అలాంటి ఇంజిన్ల కోసం చెక్కినవే.

అదే సూత్రాన్ని తిరగేస్తే మనకు దారి దొరుకుతుంది. వాల్వు 50 డిగ్రీలకే మూసుకునే చిన్న క్యామ్ వేస్తే మిగిలే స్ట్రోకు 86 శాతం, నిష్పత్తి 7. పిస్టన్లు ముట్టుకోకుండానే కంప్రెషన్ పెంచినట్టే. నేను చివరికి చేసింది అదే. గేజీ 150 చూపింది. చప్పుడు మామూలుగానే ఉంటుంది, ఎవరూ తిరిగి చూడరు, బండి మాత్రం లాగుతుంది. కొత్త ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (చదును దిమ్మలను నేరుగా రాసుకుంటూ తిరిగే రకం) వేస్తే మొదటి 20 నిమిషాలు 2000 చుట్లకు తగ్గకుండా నడపాలి, జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడాలి. లేకపోతే దాని మిట్టలు అప్పుడే అరిగిపోతాయి.

క్యామ్ మార్చే ఉద్దేశం లేకపోయినా టైమింగ్ చైను చూసుకోండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంకును చేత్తో ఒకవైపు తిప్పి, తర్వాత రెండో వైపు మెల్లగా తిప్పుతూ రోటర్ ఎప్పుడు కదులుతుందో చూడాలి. 8, 10 డిగ్రీలు తిరిగినా రోటర్ కదలకపోతే చైను వదులైపోయింది. ఆ మేరకు క్యామ్ కూడా ఆలస్యంగా తిరుగుతోంది, వాల్వులు ఆలస్యంగా మూసుకుంటున్నాయి. ఆ కాలం పళ్లచక్రాల్లో కొన్నిటికి నైలాన్ పళ్లుండేవి. అవి పెళుసెక్కి విరిగి ఆయిల్ పంపు జల్లెడలో పడతాయి.

ఇక వెనక ఇరుసు. క్రౌన్, పినియన్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి దాన్ని నడిపే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్నది) నా బండిలో 3.00. పెట్రోల్ ఆదా కోసం పెట్టింది. దాన్ని 3.70 చేయించాను. ప్రతి గేర్‌లోనూ చక్రానికి అందే తోపు 23 శాతం పెరిగింది. పిస్టన్లు ఇచ్చే 5 శాతం పక్కన ఈ 23ను పెట్టి చూడండి. దీనికి మూల్యం లేకపోలేదు. 60 మైళ్ల వేగంలో ఇంజిన్ ఇంతకుముందు 2100 చుట్లు తిరిగేది, ఇప్పుడు 2590 తిరుగుతుంది. పెద్ద రోడ్డు మీద చప్పుడు, పెట్రోల్ ఖర్చు రెండూ పెరిగాయి. రోజూ వంద మైళ్లు ఖాళీగా తిరిగేవాళ్లకు ఇది వద్దంటాను. అందం కోసం 29 అంగుళాల టైర్లు తీసి 33 అంగుళాలవి వేసుకున్నవాళ్లు మాత్రం ఒక లెక్క గమనించండి. మీ 3.50 ఇరుసు ఇప్పుడు 3.08తో సమానం. ఇంజిన్‌ను తిట్టే ముందు టైర్ల వైపు ఒకసారి చూడండి.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఈ శ్రమంతా ఎందుకు, పాత ఇంజిన్ తీసి కొత్త తరం ఇంజిన్ పెట్టేస్తే రెట్టింపు శక్తి వస్తుంది కదా అని. వస్తుంది. దానితో పాటు వైరింగ్, పెట్రోల్ పంపు, గేర్‌బాక్స్, రేడియేటర్ అన్నీ మారతాయి. చేతనైనవాళ్లు చేసుకోవచ్చు. కానీ ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌ను, దాని కాలంలో దాని మీద పెట్టిన ఆంక్షలను చూసి చెత్తకుప్పకు పంపడం నాకు మనసొప్పదు. చాలామంది పీకి పారేసిన ఆ ఇంజిన్లకు టైమింగ్ లైటు ఒక్కసారి పెట్టి చూసుంటే బాగుండేది.

పొగ నియంత్రణ పరికరాలు పీకేయమని నేను చెప్పడం లేదు. పైన చేసిన వాటిలో దేనికీ అది అవసరం పడలేదు. వాటిని తొలగించడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నిషిద్ధం. పరీక్షల నియమాలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోల్ బళ్లు, మరీ కొత్తవి తప్ప, ఇప్పటికీ పరీక్షకు వెళ్లాల్సిందే, టైమింగ్ కూడా చూస్తారు. మీ ట్రక్కు ఆ లెక్కలో ఉంటే ముందు నియమాలు చదువుకోండి.

కంప్రెషన్ పెంచడమే తప్పని కూడా అనడం లేదు. ఇంజిన్ ఎలాగూ దిగి, బోరు ఎలాగూ చేయిస్తుంటే అప్పుడు పెంచకపోవడమే పొరపాటు. 5.9 లీటర్ల వీ8ని 8 నుంచి 9.5కి తేవాలంటే ఒక్కో సిలిండర్ పైన ఖాళీలో సుమారు 19 సీసీ తగ్గాలి, అంటే నాలుగు టీస్పూన్ల కన్నా తక్కువ. హెడ్లు మాత్రమే చెక్కి అంత తేవాలని చూస్తే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ బోల్టులు కలవవు. పిస్టన్ తల బ్లాకు అంచుకు దగ్గరగా వచ్చి, హెడ్ చదును భాగానికీ దానికీ మధ్య 1 మిల్లీమీటరు ఖాళీ మిగిలేలా చూసుకుంటే మిశ్రమం ప్లగ్గు వైపు చిమ్ముతుంది, మంట వేగంగా పాకుతుంది, నాకింగ్ కూడా తగ్గుతుంది. పిస్టన్లు కొనడానికి సరైన సందర్భం అదొక్కటే.

నా అటక మీది పెట్టె గురించి చెప్పాను కదా. అంగుళంలో వెయ్యింట 30 వంతులు ఓవర్‌సైజు పిస్టన్లు అవి, బోరు చేసిన సిలిండర్లకే పడతాయి. పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. అతని ట్రక్కులోనూ ఇదే ఇంజిన్, మూడో సిలిండర్‌లో ఆయిల్ పోస్తే అంకె 70 నుంచి 115కి పెరిగిందట. ఇంజిన్ దించి బ్లాకును మెషిన్ షాపులో ఇచ్చాడు, బోరు అదే సైజుకు వస్తోంది. పెట్టె తీసుకెళ్లమన్నాను. వచ్చేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ కూడా తెమ్మన్నాను, దాని బరువులు తిరుగుతున్నాయో లేదో ఇద్దరం కూర్చుని చూద్దామని.